పొగగొట్టం దగ్గర ఒక లెక్క

ఈ రోజుతో ఇంజినీర్లవుతున్న మీ అందరికీ నా అభినందనలు.

కార్బన్ క్యాప్చర్, అంటే పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలో కలవకముందే పట్టుకోవడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ మాట హైదరాబాద్ ఆబిడ్స్‌లో మాట్లాడటం సబబే. ఇక్కణ్నుంచి నాంపల్లి స్టేషన్ దాటి రెడ్‌హిల్స్ వైపు వెళితే సింగరేణి భవన్ వస్తుంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో మొదలైన థర్మల్ కేంద్రం సింగరేణి బొగ్గుతోనే నడిచింది. ఆ కేంద్రం ఇప్పుడు లేదు. నగరానికి కరెంటు మాత్రం ఇంకా చాలావరకు బొగ్గు మీదే నడుస్తోంది. పొగగొట్టాలు రామగుండానికీ జైపూర్‌కీ దామరచర్లకీ వెళ్లిపోయాయి కాబట్టి మనకు కనిపించడం లేదు, అంతే.

2070 నాటికి నెట్ జీరో సాధిస్తామని 2021లో గ్లాస్గోలో మన దేశం మాట ఇచ్చింది. అంటే గాలిలోకి ఎంత వదులుతామో అంత తిరిగి తీసేయగలగాలి. అప్పటికి మీరు అరవైల్లో ఉంటారు. ఆ మాట నిలబెట్టే పని మొత్తం మీ ఉద్యోగ జీవితంలోనే జరగాలి.

ముందు ఒక లెక్క చూద్దాం. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీస్తే దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి కేంద్రం 1,200 మెగావాట్లది. పూర్తి సామర్థ్యంతో ఒక రోజు నడిస్తే 2.88 కోట్ల యూనిట్లు, అంటే ఇంచుమించు 28 వేల టన్నుల వాయువు. అదే చోట ఆ వాయువును పట్టి రోజుకు 180 కిలోల మిథనాల్ చేసే ప్రయోగాన్ని సింగరేణి తలపెట్టింది. రసాయన సమీకరణం ప్రకారం అంత మిథనాల్‌లో ఇమిడేది సుమారు 250 కిలోల కార్బన్ డయాక్సైడ్. ప్రయోగాన్ని నేను చిన్నచూపు చూడను, ఏ ప్రక్రియైనా అలాగే మొదలవుతుంది. కానీ 28 వేల టన్నుల పక్కన పావు టన్ను పెట్టి చూడటం మీకు అలవాటు కావాలి. మిథనాల్‌కు కావాల్సిన హైడ్రోజన్ ఎక్కడిదో కూడా అడగాలి. అదీ బొగ్గు కరెంటుతోనే తీసినదైతే మనం సాధించింది ఏమీ లేదు. ఆ మిథనాల్‌ను మండించిన రోజున పట్టిన వాయువంతా మళ్లీ గాలిలోకే పోతుంది.

వాయువును పట్టడం మనకు తెలియని విద్య కాదు. పొగను అమీన్ ద్రావణంలోంచి పంపిస్తే నలభై డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్ అందులో చిక్కుకుంటుంది. నూట ఇరవై డిగ్రీలకు వేడిచేస్తే విడిపోతుంది. చిక్కంతా ఆ వేడి దగ్గరే. టర్బైన్‌కు పోవాల్సిన ఆవిరిని ఇటు మళ్లించాలి. కరెంటు అయిదో వంతుకు అటూ ఇటూగా తగ్గిపోతుంది, ఆ లోటు పూడ్చడానికి ఇంకా బొగ్గు కాల్చాలి. అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: కరెంటు కోసం మనకు ఎండ ఉంది, గాలి ఉంది, పిన్నాపురంలో లాగా నీళ్లను పైకి తోడి నిల్వచేసే దారి ఉంది. బొగ్గు కేంద్రాల ఆయుష్షు పెంచడానికి కార్బన్ క్యాప్చర్‌ను సాకుగా వాడుకోకూడదు.

మరి ఎక్కడ వాడాలి? సిమెంటులో. తాండూరు, హుజూర్‌నగర్, జగ్గయ్యపేట, ఎర్రగుంట్ల బట్టీల్లో ఇంధనం సంగతి పక్కన పెట్టండి. నూరు కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలే. తక్కిన 44 కిలోలూ కార్బన్ డయాక్సైడ్‌గా రాయిలోంచే వస్తాయి. బట్టీని ఎండతో వేడిచేసినా అది ఆగదు. నాంపల్లి చుట్టూ పాత గోడల్లో ఉన్న డంగు సున్నం గట్టిపడుతూ గాలిలోంచి ఆ వాయువును తిరిగి తీసుకుంది. మన కాంక్రీటు కూడా తీసుకుంటుంది, కానీ కొంతే, అదీ దశాబ్దాలు పడుతుంది. కాబట్టి సిమెంటు బట్టీ దగ్గరే పట్టుకోవాలి. నార్వేలో బ్రెవిక్ సిమెంటు కర్మాగారం 2025 నుంచి ఏడాదికి 4 లక్షల టన్నులు పట్టే పని మొదలుపెట్టింది. అదే ఏడాది మన శాస్త్ర సాంకేతిక విభాగం సిమెంటు కోసం ప్రకటించిన అయిదు ప్రయోగ కేంద్రాల్లో ఒకదానిలో తిరుపతి ఐఐటీ ఉంది.

పట్టినదాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మనం నిలుచున్న ఈ గ్రానైట్ అందుకు పనికిరాదు. పడమరగా జహీరాబాద్, వికారాబాద్ వైపు పోతే నేల కింద దక్కన్ బసాల్ట్ ఉంది. ఐస్‌లాండ్‌లో అలాంటి రాతిలోకే నీళ్లలో కలిపి పంపిన కార్బన్ డయాక్సైడ్‌లో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయిగా మారిందని 2016లో తేలింది. మన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలూ దక్కన్ బసాల్ట్‌ను ఈ దృష్టితో పరిశీలించారు. అయితే ఆ పద్ధతిలో టన్ను వాయువుకు దాదాపు పాతిక టన్నుల నీళ్లు కావాలి. జహీరాబాద్‌లో బోరు ఎండిపోయిన రైతుకు ఈ లెక్క చెప్పే ధైర్యం మనకుందా? సముద్రపు నీటితోనో, వాడిన నీటినే మళ్లీ వాడుకునో చేసే దారి వెతకాలి. అది పరిశోధనకు తగిన సమస్య.

రెండో చోటు కృష్ణా గోదావరి బేసిన్. అక్కడ గ్యాస్ తీసిన పొరలున్నాయి, వాటికింద ఉప్పునీటి పొరలున్నాయి. కానీ అక్కడికి వాయువును పైపుల్లో పంపాలి. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి, ఇళ్లలో ఉన్నవాళ్లు కాలిపోయారు. కార్బన్ డయాక్సైడ్ మండదు, నిజమే. కానీ గాలికంటే బరువు కాబట్టి పల్లంలో పేరుకుంటుంది, ఊపిరాడనివ్వదు. 2020లో అమెరికాలోని సతార్షియా దగ్గర కార్బన్ డయాక్సైడ్ పైపు పగిలి ఊరంతా ఖాళీ చేయాల్సి వచ్చింది. అందుకే పైపు గీత మ్యాపు మీద గీయకముందే దారిలోని ప్రతి ఊరి గ్రామసభలో కూర్చోవాలి. వాళ్లు వద్దంటే గీత మార్చాలి. ఈ మాట మీ పాఠ్యపుస్తకంలో లేకపోవచ్చు, నేను మాత్రం దీన్ని రసాయన సమీకరణంతో సమానంగా చూస్తాను.

ఉద్యోగాల వేటలో పడేముందు ఒక రోజు నాంపల్లిలో మెట్రో ఎక్కండి. అమీర్‌పేటలో రైలు మారితే తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ), ఇంకాస్త ముందుకెళితే ఎన్‌జీఆర్‌ఐ. ప్రాజెక్టుకో ఇంటర్న్‌షిప్‌కో అవకాశముందేమో అడగండి. సిమెంటు, బసాల్ట్, నీళ్లు, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకోండి. మీ బ్యాచ్‌లో నలుగురు పూనుకున్నా చాలా పని జరుగుతుంది.