పాపానాయుడుపేట పూసలవారి సంసారము

 

ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబములకు తిరుపతి యాత్ర క్రొత్త కాదు. పాసు వ్రాయించుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, పులిహోర మూటగట్టుకొని బయలుదేరుట ఇచ్చటి రైల్వే క్వార్టర్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. బండి గూడూరు వద్ద మదరాసు మార్గమును విడిచి లోపలికి తిరుగును. వెంకటగిరి దాటును. కాళహస్తి రాగానే పెద్దలు చేతులు జోడింతురు. తరువాత ఏర్పేడు. అచటినుండి రేణిగుంట చేరువరకు కిటికీలోనుండి బయటకు చూచు తీరిక ఎవ్వరికిని ఉండదు. పెట్టెలు దించుకొను వేళ, చెప్పులు వెదకుకొను వేళ అది. సరిగా ఆ వేళలోనే పాపానాయుడుపేట అను గ్రామమున్న ప్రాంతము వెనుకకు జరిగిపోవును. నాడు చిత్తూరు జిల్లాలోనిది, 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది. యాత్రికుడు గుర్తింపని ఈ గ్రామము పేరు దేశవిదేశములలో ప్రాచీన వస్తువులను పరిశోధించు పండితులకు సుపరిచితము. కారణము గాజుపూస.

చాలకాలము కనబడని చుట్టము ఇంటికి వచ్చినచో, “ఏమయ్యా, నల్లపూసవైపోయినావే” అందుము. వివాహమైన తెలుగు స్త్రీ కంఠమున ప్రతిదినము కనబడు వస్తువు అరుదైన దానికి ఉపమానమెట్లాయెనో భాషావేత్తలు తేల్చవలసిన విషయము. ఐనను ఆ మాట పూసలను చేయువారి యెడల మాత్రము అక్షరాల సత్యమైనది. పూస కంటికి కనబడును. పూసను చేసిన చేయి కనబడదు. పూర్వము ఊరూర తిరిగి పూసలు, దువ్వెనలు, సూదులు అమ్మిన పూసలవారిని పెద్దలెరుగుదురు. ఆ బుట్టలోనికి పూస ఎచ్చటినుండి వచ్చెనని అడిగిన ఇల్లాలు అరుదు.

ఈ పూస వంశము మిక్కిలి పెద్దది. ఆరు మిల్లీమీటర్లకు లోపు పరిమాణము గలిగి, గాజుగొట్టమును సాగదీసి, ముక్కలుగా కోసి చేసిన పూసలు పుదుచ్చేరి సమీపమున అరికమేడులో విశేషముగా బయల్పడినవి. 1945లో వీలర్ దొర అచట త్రవ్వకములు జరిపించిన పిమ్మట ఆ స్థలము ప్రపంచ ప్రఖ్యాతమైనది. సింహళమున మాంతైలోను, వియత్నాములోని ఓక్ ఇయోలోను, కొరియాలోను, దక్షిణాఫ్రికాలోని మపుంగుబ్వేలోను ఈ జాతి పూసలే లభించినవి. పీటర్ ఫ్రాన్సిస్ అను అమెరికను పరిశోధకుడు వీనికి ‘ఇండో పసిఫిక్ పూసలు’ అని పేరు పెట్టెను. శతాబ్దుల క్రిందట అంతరించినదని తలపబడిన ఆ పద్ధతి ఒక్క తెలుగు పల్లెలో వాడుకలో ఉండుట చూచి పండితులు విస్మయము చెందిరి. 1987లో మేరియన్ స్టర్న్ అను విదుషి ‘పాపానాయుడుపేట రహస్యము’ అను పేర ఒక వ్యాసమునే ప్రకటించెను. ఊరివారికి అది రహస్యము కాదు, రోజువారీ పని.

ఆ పని ఎట్టిదో కొంచెము వివరముగా చెప్పుకొనవలెను. ఇచ్చటి వర్కుషాపులో కొలుములెరిగినవారు అనేకులున్నారు గనుక వారికి సులభముగా బోధపడును. గాజును కొలిమిలో కరగించి, ముద్దగా పట్టి, ‘లడ’ అనబడు పొడవైన బోలు ఇనుపగొట్టము కొనకు చేర్తురు. ముద్ద నడుమ తూటు ఏర్పరచి, లడతో సహా మరల కొలిమిలోనికి పంపుదురు. కొలిమికి ఎదుటిప్రక్క నున్న చిన్న రంధ్రమువద్ద గొట్టము తీయు పనివాడు కూర్చుండును. అతడు కొక్కెము లోనికి చాచి, ముద్ద కొనను అందుకొని, తనవైపునకు లాగును. గాజు సన్నని గొట్టమై వెలుపలికి వచ్చును. ఇక ఒక చేతి వెనుక ఒక చేయి, ఆగుట లేదు. లడ బోలుగా నుండుటచే వెనుకనుండి గాలి ఆడుచు, ఎంత సాగినను నడుమ నున్న రంధ్రము పూడదు. ముద్ద తరుగువరకు, గంటల తరబడి, లాగుడు సాగుచుండవలసినదే.

యంత్రము లేదు, కొలబద్ద లేదు. వేగముగా లాగినచో గొట్టము సన్నగిల్లును. తాత్సారము చేసినచో లావెక్కును. క్షణము పరధ్యానమున పడినచో తెగును. పూస పరిమాణమంతయు ఆ చేతుల వేగములో నున్నది. వెనీసు నగరమున ఇదే జాతి పూసలకు ఇద్దరు మనుష్యులు గాజుముద్దను చెరియొక కొనను పట్టుకొని, ఎదురెదురుగా దూరమునకు పరుగిడెడివారు. ఇచ్చట మనుష్యుడు కదలడు, గాజే కదలును. రెండింటిలో ఏది మేలైన ఉపాయమో చెప్పుటకు ఇంజనీరు కానక్కరలేదు.

ఆ గొట్టమును సుమారు మీటరు పొడవు ముక్కలుగా విరుతురు. ఖరగ్‌పూర్ వారికి అర్థమగు లెక్కలో చెప్పవలెనన్న, ఇచ్చటి పెద్ద ప్లాట్‌ఫారము పొడవు 1072 మీటర్లు గదా. గోరఖ్‌పూర్ 2013లో దానిని మించినది, 2023లో హుబ్బళ్ళి రెంటిని మించినది, అది వేరు సంగతి. మన ప్లాట్‌ఫారము పొడవునను ఈ ముక్కలు వరుసగా పరచి, రెండేసి మిల్లీమీటర్ల పూసలుగా కోసినచో, తరుగు తీయకుండ, 5,36,000 పూసలగును. ఒక్కొక్క పూసయు మనుష్యుని చేతి క్రిందుగా పోవలసినదే. గొట్టములను గుప్పెడుగా పట్టి ఉక్కు అంచుపై నుంచి కోయుదురు. కోసిన ముక్క అంచు వాడిగా నుండును, మెడకు గీసికొనును. కావున బూడిదతో కలిపి, వేడిమిపై కలియబెట్టుచు అంచులను గుండ్రపరతురు. పూసలు ఒకదాని నొకటి అంటుకొనకుండను, రంధ్రము మూసికొనకుండను కాపాడునది ఆ బూడిదయే. వంటింట పారవేయు బూడిదకు ఇంతటి పని యుండుట గృహిణులు గమనింపదగినది.

కొలిమివద్ద పని ముగిసినను పూస సరకు కాలేదు. గుచ్చవలెను. ఈ పని ఇంటిది, స్త్రీలది. పూసలను చేటలో పోసికొని, అరుగుపై కూర్చుండి, సూదిని పూసల రాశిలో ఆడించుచు వానంతట అవియే ఎక్కునట్లు చేయవలెను. ఒక్కొక్క పూసను వ్రేళ్ళతో ఏరి గుచ్చినచో ప్రొద్దు గుంకువరకు ఒక పేటయైనను తేలదు. పొయ్యిమీద ఎసరు మరుగుచుండగా, చంటిపాప ఊయెలలో నుండగా, అత్తాకోడండ్రు మాటలాడుకొనుచుండగా పూస దారమెక్కుచునే యుండును.

ఇచటనే ఒక చిక్కున్నది. కొలిమివద్ద కూర్చున్నవాని పనిని లోకము విద్య యనును. పండితుడు వచ్చి ఫొటో తీయును. ఇంట కూర్చున్న ఇల్లాలి పని ‘ఖాళీగా నున్నప్పుడు చేయునది’ అని లెక్కకురాదు. దండకింత అని కూలి యిచ్చినప్పుడు కూడ చేటను బాగుచేయు గంట, చిక్కుపడిన దారమును విప్పు గంట ఎవ్వరును లెక్కింపరు. వెనీసులోను ఇదియే కథ. అచటి పూసలు గుచ్చు స్త్రీలు, ఇంపిరారెస్సె యనబడువారు, విసనకఱ్ఱవలె పరచిన సూదులతో వీధిగుమ్మములయందు కూర్చుండి గుచ్చెడివారు. వారును ఇండ్లలో విడివిడిగా పనిచేయువారే. ఐనను 1904లో కలిసికట్టుగా సమ్మె చేసిరి. సంఘము, సమ్మె అను మాటలు ఖరగ్‌పూర్ కార్మికులకు వివరింపనక్కరలేదు. వర్కుషాపు గేటువద్ద వేలమంది ఒకమారు కలియుదురు గనుక ఒక మాటపై నిలుచుట సాధ్యమగును; ఎవరి అరుగుపై వారు కూర్చున్న స్త్రీలు ఒక మాటపై వచ్చుట ఎంత కష్టమో ఆలోచింపుడు.

ఇంటి జమాఖర్చులు కూడ రైల్వే కుటుంబమునకు వింతగా తోచును. ఒకటవ తేదీ యనునది వారికి లేదు. కొలిమి వెలిగింపవలెనన్న ముందుగా వంటచెరకు కావలె, గాజు కావలె, తోడి పనివారికి కూలి కావలె. ఆ ధనము పూసలు అమ్ముడుపోయిన పిమ్మటగాని తిరిగిరాదు. నడుమ అప్పు. అప్పిచ్చువాడే సరకు కొనువాడైనచో ధర ఎవరు నిర్ణయింతురో చెప్పనక్కరలేదు. కొలిమిని రెండురోజులు ఆర్పి, ధర పెరిగిన పిమ్మట వెలిగింతమన్నను కుదరదు. ఆరిన కొలిమిని మరల వేడెక్కించుటకు పట్టు కట్టెలు ఉత్తపుణ్యమునకు పోవును. నిప్పు వెలుగుచున్నంతసేపు పని చేయవలసినదే, ఇంట శుభమైనను అశుభమైనను.

దీనిపై పోటీ. చెకోస్లోవేకియా దేశమునుండి యంత్రపు గాజుపూసలు వచ్చినవి. ఒక్కొక్కటి ఒకే అచ్చు పోసినట్లుండును. తరువాత ప్లాస్టిక్ వచ్చినది, పగులదు, చౌక. పిమ్మట చీనా సరకు. ఉత్తరప్రదేశములోని పుర్దిల్‌నగర్ వారును గాజుపూసలు చేయుదురు. వారిది ఇనుపకడ్డీకి కరిగిన గాజును చుట్టు పద్ధతి. రంగుల వైవిధ్యము ఎక్కువ. చేతితో లాగిన పూసలలో ఒకటి కొంచెము లావు, ఒకటి కొంచెము సన్నము. ఆ హెచ్చుతగ్గులను చూచి పురావస్తు పండితుడు ముచ్చటపడును. గోల్‌బజారులో బేరమాడు ఇల్లాలు ‘ఇవి సరిగా లేవు’ అని ప్రక్కకు నెట్టును. ఆమెను తప్పుపట్టుట న్యాయము కాదు. ఎవ్వరును ఆమెకు చెప్పలేదు.

అన్నింటికంటె గట్టి ప్రశ్న పిల్లలది. గొట్టము లాగు చేయి పుస్తకమువలన రాదు. తండ్రి ప్రక్కన కూర్చుండి, మొదట విరిగిన ముక్కలేరి, తరువాత కోసి, చాలకాలమునకు కొక్కెము పట్టుట వంశక్రమమున వచ్చిన శిక్షణ. ప్రభుత్వ శాసనము వేరొకటి చెప్పుచున్నది. 1986లోని బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, 14 సంవత్సరములలోపు పిల్లలను ఏ పనిలోను పెట్టరాదని విధించిరి. కుటుంబపు పనిలో బడివేళలు గాక, సెలవుదినములలో సహాయము చేయవచ్చునని మినహాయింపు గలదు గాని, ప్రమాదకరమైన పనులకు ఆ మినహాయింపు లేదు. కరిగిన గాజు ముందు పిల్లవానిని కూర్చుండబెట్టుట క్షేమమని ఏ తల్లియు అనదు. శాసనము మంచిదే. ఐతే వ్రేళ్ళు లేతగా నున్న వయస్సున పట్టువడు విద్యను పెద్దవాడైన తరువాత నేర్పుట ఎట్లు? నేర్పువరకు అతనికి కూలి ఎవరిత్తురు? రైల్వేలో అప్రెంటిసునకు స్టైపెండు ఉన్నది. కొలిమివద్ద అప్రెంటిసునకు అన్నము పెట్టవలసినది అప్పులలో నున్న తండ్రియే.

ఆ తండ్రి మనస్సు అంతకంటె వేరుగా నున్నది. కుమారుడు బడికి పోయి ఏదో నెలజీతపు ఉద్యోగమున చేరవలెనని అతని కోరిక. అది ఖరగ్‌పూర్ వారికి తెలియని కోరిక కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వచ్చినపుడు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి బయలుదేరి ఇచటికి చేరిన తాతలు కూడ ఏదో ఒక నాగలినో, మగ్గమునో, వలనో వెనుక విడిచి వచ్చినవారే. వారిలో నేతగాని చేయి ఎంత గొప్పదో మనుమలకు తెలియదు. తెలిసికొనుటకు ఆ మగ్గము లేదు. పూసలవాని కుమారుడు వెళ్ళిపోవుటను చూచి విచారించు హక్కు ఇచటి సభలో ఎవరికున్నది? విచారము మాత్రము కలుగుచునే యున్నది.

ఈమారు తిరుపతి పోవునప్పుడు ఏర్పేడు దాటగానే పెట్టెలు దించుకొనుట రెండు నిమిషములు ఆపి, కిటికీవైపు జరుగుడు. పొగ కనబడవచ్చును, కనబడకపోవచ్చును. ప్రక్కన కూర్చున్న అమ్మాయి, అచటేమున్నదని తప్పక అడుగును. తల్లి తన మెడలోని నల్లపూసల పేటను చేతిలోనికి తీసికొని, రెండు పూసలను ప్రక్కప్రక్కన పెట్టి, ఒకటి లావు, ఒకటి సన్నముగా నున్నవా అని చూచినచో, ఆ బిడ్డకు సమాధానము చెప్పుట మొదలైనట్లే.