దవాఖానకు మార్కులు మనమే వెయ్యాలె



మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మంచిగ నడుస్తున్నదా లేదా, ఎవరు తేల్చాలె? జాతీయ నాణ్యతా ప్రమాణాల ప్రకారం తనిఖీ చేసి, 70 శాతం మార్కులొస్తే సర్టిఫికెట్ ఇస్తరు. మంచిదే, కాదనం. కానీ తనిఖీ బృందం తారీఖు చెప్పి వస్తది. జరం చెప్పి రాదు.

మైదాన ప్రాంతంల 30 వేల మందికి, ఏజెన్సీల 20 వేల మందికి ఒక కేంద్రం ఉండాలన్నది సర్కారు లెక్క. అక్కడ డాక్టరు లేకుంటే అన్ని ఊర్లూ ఆర్ఎంపీ గడప తొక్కుడే, అప్పు చేసుడే.

'డాక్టరు ఉన్నడా' అని అడిగితే సగం ప్రశ్నే. చెయ్యి పట్టి చూసిండా? బీపీ కొలిచి రాసిండా? ఏ గోలీ ఏ పూట వేసుకోవాల్నో అర్థమయ్యేటట్టు చెప్పిండా? నెలకు సరిపడ ఇచ్చిండ్రా, పది రోజులకే ఇచ్చి పంపిండ్రా? బీపీకి నొప్పి ఉండదు కాబట్టి గోలీలు అయిపోయినా ఎవరూ అడగరు. అవి ఆగితే పక్షవాతం దాక పోతది. నాణ్యత తేలేది ఇక్కడనే.

ఏఎన్ఎం అక్కను నిలదియ్యమని మేం చెప్తలేం. ఖాళీ పోస్టు, రాని మందు ఆమె తప్పు కాదు. విద్యార్థులు ఇంటింటికి తిరిగి రాయాలె, ఆ లెక్క గ్రామసభల చదవాలె. ఉద్యోగులు హెల్త్ కార్డు ఉందని కార్పొరేట్ దారి పడితే, ఊరి దవాఖాన అడిగే గొంతు లేని పేదలకే మిగుల్తది.

2014ల రాష్ట్రం తెచ్చుకున్నం. అడుగుడు మాత్రం ఆపొద్దు.