ఊరికి పోయి వచ్చినాక
(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శిగారితో ఒకటే చెప్పాను. ఆదివారపు బడిలో పిల్లలకు కథలు చెప్పడమే నాకు వచ్చు, ఉపన్యాసం రాదు అన్నాను. "అయితే కథే చెప్పండమ్మా" అన్నారాయన. ఉగాది పచ్చడి చేతిలో పెట్టి మరీ అడిగారు, కాదనడం ఎలాగ? ఒక పాస్టరు భార్యను ఈ వేదిక మీదికి పిలిచిన మీ మంచితనానికి నా కృతజ్ఞతలు. ఇక మా ఇంటి కథ చెబుతాను.

మేము నెల్లూరు నుంచి డర్బన్ వచ్చింది 1999లో. సెలవు మీద మొదటిసారి ఇంటికి వెళ్ళింది 2004లో, మార్చి నుంచి జూన్ దాకా. మమ్మల్ని పంపేటప్పుడు, కొత్త దేశంలో ఎలా మసలుకోవాలో అందరూ చెప్పారు. ఇంటికి వెళ్ళి తిరిగి వచ్చాక ఏమవుతుందో ఒక్కరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాళ్ళం కాదేమో.

మా మామగారు 2002లో పోయారు. అప్పుడు వెళ్ళలేకపోయాం. మేము వెళ్ళేసరికి అన్నదమ్ములు ఇల్లు సర్దుకున్నారు. మా గదిలో మరిది పిల్లల మంచాలున్నాయి. తప్పు వాళ్ళదీ కాదు, మాదీ కాదు. "ఎన్నాళ్ళుంటారు వదినా?" అని మా తోడికోడలు ప్రేమగానే అడిగింది. కానీ మన ఇంట్లో మనల్ని ఎవరైనా ఆ మాట అడుగుతారా?

ఆదివారాలన్నీ సంఘాలకే సరిపోయాయి. మమ్మల్ని పంపినవారికి లెక్క చెప్పుకోవాలి కదా. మా ఫోటోల్లో ఇటుక ఇల్లు, తారు రోడ్డు, పాత కారు కనబడ్డాయి. ఒక పెద్దాయన ఫోటోలన్నీ తిరగేసి, "సింహాలేవమ్మా?" అన్నారు. నవ్వొచ్చింది. ఆ మరుసటి ఆదివారం నుంచి మాత్రం కారు కనబడని ఫోటోలే ఏరి పట్టుకెళ్ళాం. ఈ సంగతి సభలో చెప్పవద్దని పాస్టరుగారు నిన్న రాత్రి అన్నారు. చెప్పేశాను.

అసలు దెబ్బ తగిలింది మా అమ్మాయికి. ఇక్కడికి వచ్చేనాటికి దానికి నాలుగేళ్ళు. తెలుగు మా దగ్గర కంటే చాట్స్‌వర్త్‌లోని మా సంఘపు అవ్వల ఒళ్ళోనే ఎక్కువ నేర్చుకుంది. ఒకరోజు నెల్లూరులో చేమదుంపల పులుసు వడ్డిస్తుంటే, "నాకు ఇంకొంచెం మడుంబి" అంది. అది జూలూవాళ్ళ మాట అని మీకు వేరే చెప్పనక్కర్లేదు, మన ఇళ్ళలో దానికి వేరే పేరే లేదు. అక్కడి పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ పూటతో పోలేదు. దాని పేరే మడుంబి అయిపోయింది. "మడుంబీ, ఇటు రా." నాలుగు రోజులకు మా అమ్మాయి తెలుగు మానేసింది. అక్కడా, ఆ తరువాత ఇక్కడా, ఏమడిగినా ఇంగ్లీషే.

రోహిణి కార్తె ఎండల్లో బయలుదేరి జూన్ చలిలో దిగాం. సాయంత్రం అయిదింటికే చీకటి. నెల్లూరులో మిద్దె మీద చుక్కలు చూస్తూ పడుకున్న మా బాబు, మొదటి రాత్రే బయట పక్క వేయమని పేచీ పెట్టాడు. ఇక్కడేమో కిటికీలకు కమ్ములు, తలుపు ముందు ఇనుప గేటు, దానికి తాళం. అయిదేళ్ళుగా కళ్ళు మూసుకుని తీసిన తాళమే, ఏ తాళంచెవి దేనిదో మరిచిపోయి గుత్తి పట్టుకుని నిలబడ్డాను. పెట్టె తెరిస్తే ఆవకాయ నూనె పాస్టరుగారి తెల్ల చొక్కాలన్నిటికీ అంటింది. అప్పుడు ఏడ్చాను, చొక్కాల కోసం కాదనుకోండి.

తెలుగు ఆరాధనకు వచ్చేవారు అప్పటికే ఇరవైమంది లోపు, అందరూ ముసలివారు. ఆ ఆదివారం పాస్టరుగారు గంటసేపు ప్రసంగించారు. మూడు నెలలు పెద్ద పెద్ద సభల్లో మాట్లాడి వచ్చారేమో, నేపథ్యం, దృక్పథం, అంకితభావం అంటూ ధారగా సాగింది. అయ్యాక ఎనభై ఏళ్ళ అవ్వ ఒకామె ఆయన చెయ్యి పట్టుకుని అంది: "అయ్యా, ఊరికి పోయి వచ్చినాక మీ మాట నాకు తెలవకుండా పోయింది. మునుపు మీరు మా మాదిరి మాట్లాడతా ఉంటిరి."

ఆమె కోపంగా అనలేదు. పోయినదాన్ని గురించి చెప్పినట్టు చెప్పింది.

ఆ మాట ఆయనకు ఎందుకంత గుచ్చుకుందో తెలియాలంటే పాత సంగతి ఒకటి చెప్పాలి. నేటాలు తోటల్లో కూలికి వచ్చిన తెలుగు బాప్తిస్టులు తమకొక తెలుగు పాస్టరు కావాలని ఊరికి ఉత్తరాలు రాశారు. ఆ పిలుపు మీదనే తెలుగు బాప్తిస్టుల హోం మిషన్ సంఘం నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారిని 1903లో పంపింది. ఆ ఏడాది చివరే కెర్స్నీ తేయాకు తోటలో సంఘం ఏర్పడింది. ఆయన 1915లో పోయారు. ఆ జనం దొరల మాటల మధ్య తమ మాట వినాలనే మనిషిని పిలిపించుకున్నారు. నూరేళ్ళ తరువాత అదే నెల్లూరు నుంచి వచ్చిన మనిషి మాట ఈ అవ్వకు తెలియకుండా పోయింది.

మీ కుటుంబాల్లోనూ ఇలాంటివి విన్నాను. అగ్రిమెంటు అయిదేళ్ళు, మరో అయిదేళ్ళు ఇక్కడ గడిపితే తిరుగు ఓడకు ఉచిత ప్రయాణం. ఉండిపోతే, 1895 చట్టం తరువాత వచ్చినవారికి ఏటా 3 పౌన్ల పన్ను. 1914లో రద్దయ్యేదాకా ఎంతమందిని పీడించిందో ఆ పన్ను! అయినా ఊరికి వెళ్ళి అక్కడ ఇమడలేక మళ్ళీ ఓడ ఎక్కినవారున్నారు. వాళ్ళకు ఆ రెండో రాకడ ఎలా ఉండేదో అడుగుదామంటే ఎవరూ మిగల్లేదు.

పాస్టరుగారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మమ్మల్ని వెనక్కి పిలిపించమని నెల్లూరుకు ఉత్తరం మొదలుపెట్టారు. సగం రాసి బల్ల మీద పెట్టారు. నేను చదివాను, ఏమీ అనలేదు. నాకూ వెళ్ళిపోవాలనే ఉంది మరి.

బుధవారం ఆయన ఆ అవ్వ ఇంటికి వెళ్ళారు. ఇంట్లో నేను లేను కనక అమ్మాయిని వెంట తీసుకెళ్ళారు. ప్రార్థన చేసి వచ్చేద్దామని వెళ్ళినవారు రెండు గంటలు ఆమె మాటలు వింటూ కూర్చున్నారు. ఆ తరువాత ప్రతి బుధవారం అదే పని. అవ్వ తల్లి ఏడేళ్ళ పిల్లగా అమ్మానాన్నలతో ఓడ దిగిందట. తేయాకు కోయడం, తరువాత చెరకు తోటలు, చాట్స్‌వర్త్‌కు తరిమివేయడం, అన్నీ చెప్పేది. అమ్మాయి మూల కూర్చుని బొమ్మలు వేసుకునేది. నోరు విప్పేది కాదు. అవ్వ బలవంతపెట్టేది కాదు.

ఆరో వారమో ఏడో వారమో, అవ్వ పొయ్యి మీద మడుంబి ఉడకబెట్టి తొక్క తీస్తూ, "పాపా, మీ ఊర్లో దీన్ని ఏమంటారు?" అని అడిగిందట. అమ్మాయి చాలాసేపటికి, "చేమదుంప" అంది. అవ్వ చెయ్యి ఆగింది. "చేమదుంప... మా అమ్మ అట్లనే అనేది. ఎన్నేండ్లాయె, మరిచే పోతిని." మళ్ళీ మళ్ళీ అనుకుంది, నాలుక తిరక్క నవ్వింది. అమ్మాయి కూడా నవ్వి, "మడుంబి అన్నా తెలుస్తుంది అవ్వా" అంది. మూడు నెలల తరువాత అది మాట్లాడిన తెలుగు అదేనని పాస్టరుగారు ఇంటికి వచ్చి గుమ్మంలోనే చెప్పారు.

ఆ సగం ఉత్తరం వెనుక నేను సరుకుల జాబితా రాసుకున్నాను. ఆయన దాని గురించి అడగలేదు.

మళ్ళీ 2009లో వెళ్ళాం. అమ్మాయికి పధ్నాలుగేళ్ళు. గుమ్మంలోనే పెద్దమ్మ కొడుకు, "మడుంబి వచ్చిందిరోయ్!" అని కేకేశాడు. నా గుండె ఝల్లుమంది. అది చెప్పులు విడుస్తూ, "వచ్చింది. ఉడికిందా, తొక్క తియ్యాలా?" అని తిన్నగా వంటింట్లోకి నడిచింది.

సెలవు.