తెరవెనుక మాట



మా రుద్రారమున రచ్చకట్టకడ ఒక పాత తగవు మరల తలయెత్తినది. 2023వ సంవత్సరము జనవరి 18వ తేదీన ఉప్పలు మైదానమున న్యూజీలాండుతో జరిగిన క్రికెట్టు ఆటలో హార్దిక్ పాండ్యా బౌల్డయినాడని మూడవ అంపైరు తీర్పు చెప్పెను. బెయిలు పడినది బంతివలననా, కీపరు చేతితొడుగువలననా? "బొమ్మ పంపినవారే మోసము చేసినారు పంతులుగారూ" యని ఒక పెద్దమనిషి పట్టుబట్టిరి. ఆ మాట ఎంతవరకు చెల్లునో చూతము.

తోలుబొమ్మలాట మీరెల్లరు చూచినదే. తెరమీద రాముడు, రావణుడు కనబడుదురు. తెరవెనుక బొమ్మ నాడించువాడు, పాడువాడు, మద్దెల వాయించువాడు వేఱువేఱుగ నుందురు. ఆట ప్రసారమును అట్టిదే. మైదానము ప్రక్కన నిలిచిన పెద్ద బండిలో ఒక గది, ఆ గదిగోడనిండ చిన్న తెరలు. ఒక్కొక్క కెమెరా చూచునది ఒక్కొక్క తెరమీద కనబడును. నడుమ కూర్చున్న డైరెక్టరు మనకేది చూపవలెనో నిశ్చయించి, ముందు "రెండు, సిద్ధము" అనును. పిదప "రెండు" అనును. ప్రక్కవాడు మీట నొక్కగనే రెండవ కెమెరామీద ఎఱ్ఱదీపము వెలుగును. అది వెలుగుచుండగా కెమెరావాడు తన యిష్టము వచ్చినట్లు త్రిప్పరాదు. గడచిన బంతిని వెనుకకు త్రిప్పి సిద్ధముగ నుంచువాడొకడు. అంకెలు చూపువాడు, ధ్వని చూచువాడు వేఱు. ప్రకటనల వేళలు, ప్రసారము నడక ప్రొడ్యూసరు బాధ్యత.

వీరందఱి చెవులకును తీగ కట్టియుండును. కావున అచట వ్యర్థపు మాటకు తావు లేదు. పేరుపెట్టి పిలుచుటకంటె అంకెతో పిలుచుటయే త్వరితము. ముప్పదియేండ్లు బడి నడపిన నాకు ఈ యేర్పాటు చూచి కొంత అసూయ కలిగినదని ఒప్పుకొందును. ఇక వ్యాఖ్యాత పాటు చెప్పనలవి కాదు. చెవిలో డైరెక్టరు మాట పడుచుండగనే నోట తన మాట తప్పక సాగవలెను. అవధానులకు అలవాటైన పనియే. అతనికి దగ్గు వచ్చినచో ధ్వని నాపు మీట యొకటి, మనకు వినబడకుండ బండిలోనివారితో మాటాడు మీట మఱియొకటి యుండును.

టెస్టు ఆటలలో టీవీ బొమ్మ చూచి తీర్పు చెప్పుట 1992 నవంబరున డర్బనులో మొదలయ్యెను. అట్లు ఔటైన తొలి యాటగాడు మన సచిన్ టెండూల్కరే. మూడవ అంపైరు వేఱొక గదిలో కూర్చుండి, ఏ ప్రక్కనుండి తీసిన బొమ్మ కావలెనో అడుగును, ప్రసారమువారు చూపుదురు. తీర్పు మాత్రము అతనిదే. కావున పాండ్యా విషయమున బొమ్మవారిని నిందించుట తగదు. నా కంటికిని బెయిలు తొడుగువలననే కదలినట్లు తోచినది. కాని అది నా కన్ను. పైగా శుభ్‌మన్ గిల్ 208 పరుగులు చేసిన ఆ యాటను 12 పరుగులతో మనమే గెలిచితిమి. ఆ సంగతి మా పెద్దమనిషి మఱచిరి.

అయినను వారి మాటలో పాలు లేకపోలేదు. ఏ బొమ్మ ముందు చూపవలెనో, ఏది ఎన్నిమార్లు చూపవలెనో యెంచునది మనుష్యుడే. చూచువారి మనస్సు అంతలో ఒక ప్రక్కకు ఒరగవచ్చును.

"మూడవ అంపైరు మాటలు ఇప్పుడు మనకును వినిపించుచున్నారు గదా" యంటిని. "వినిపించి యేమి లాభము? అవి ఇంగ్లీషున నున్నవి" అని వారు బదులు చెప్పిరి. తరువాతి యాటనాడు నన్ను ప్రక్కన కూర్చుండి అర్థము చెప్పుమన్నారు. సరేనంటిని.