పాత చెక్కలు తీయుదము – దూలములను నిలుపుకొందము

(వరంగల్లు ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మన వరంగల్లు ప్రాంతపు గ్రామములలో పాతకాలపు మిద్దెలు నేటికిని అక్కడక్కడ నిలిచియున్నవి. ఒకప్పుడు చావడిగానో, బడిగానో, ధాన్యపు కొట్టుగానో ఉపయోగపడిన కట్టడములవి. అట్టివి కొన్ని పంచాయతీ ఆస్తిగా మీ చేతిలో ఉన్నవి. వానకాలము రాగానే కప్పు కురియుచున్నదనియు, చెక్కలు పుచ్చి రాలుచున్నవనియు సమావేశములో ఎవరో ఒకరు ప్రస్తావింతురు. వెంటనే "కూల్చివేసి క్రొత్తది కట్టుకొందము" అను మాట పుట్టును. ఆ తీర్మానము చేయుటకు ముందు, కప్పు క్రింద ఏది చెడినదో, ఏది చెడలేదో తెలిసికొనుడని కోరుటకే నేడు మీ ముందు నిలిచితిని.

మిద్దె ఎట్లు కట్టబడినదో మీకు తెలిసినదే. గోడలపైనను, కంబములపైనను దూలములు, దూలములపై అడ్డముగా దంతెలు, దంతెలపై చెక్కలు, చెక్కలపై మట్టి, అన్నిటికిని పైన చవుడు. చవుడు కొట్టుకొనిపోయినచో వాననీరు మట్టిలోనికి దిగి చెక్కలపై నిలుచును. చెక్క పలుచనిది, మొలలు దిగిన చోటులలో తడి సులభముగా చేరును. అందుచేత ముందుగా చివుకునది చెక్కయే. దాని క్రిందనున్న చేవగల టేకు దూలము అప్పటికిని గట్టిగా ఉండవచ్చును. నులక తెగినంత మాత్రమున మంచపు కోళ్ళను, పట్టెలను మనము పొయ్యిలో పెట్టము. పాత నులక విప్పి, క్రొత్త నులక అల్లుకొందుము. మిద్దె విషయమునను పాటింపవలసిన నీతి ఇదియే.

అయితే, దూలము గట్టిగా ఉన్నదని కంటితో చూచి చెప్పరాదు. సుత్తితో మెల్లగా తట్టి చూడవలెను. గట్టి కొయ్య ఖంగున పలుకును. లోపల డొల్లయైనది మందముగా పలుకును. సన్నని ఉలిమొనతో పొడిచి చూడవలెను. మొన సులభముగా దిగినచో అచట చివుకు పట్టినదని అర్థము. ముఖ్యముగా గోడలోనికి చొచ్చిన దూలపు కొసలను విడువక పరీక్షింపవలెను. గాలి ఆడని ఆ చోటనే తడి నిలుచును. చెదలు గోడ వెంట ఎక్కి మొదట చేరునదియు అచటికే. నడుమ చక్కగా కనబడు దూలము కొసన పిండియై ఉండవచ్చును.

పరీక్షలో ఒకటి రెండు దంతెలు మాత్రమే చెడినట్లు తేలినచో, వాటి ప్రక్కన అంతే బలముగల క్రొత్త దంతెలను జతచేసి బోల్టులతో బిగింపవచ్చును. దూలములే వంగినను, కొసలు చివికినను, గోడ పునాది దిగినను ఇంజనీరు నిర్ణయమునకు లోబడవలెను. పడిపోనున్న కప్పు క్రింద పిల్లలను కూర్చుండబెట్టి, పాతదానిపై మమకారముతో కాలము గడుపుట క్షమింపరాని తప్పు. నిలుపదగినదానిని నిలుపుడని నా మాట. అన్నిటిని నిలుపుడని కాదు.

ఇక పని క్రమము. మొట్టమొదట దింపవలసినది మట్టి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల కప్పుపై అర అడుగు మందమున మట్టి ఉన్నచో అది ఎండియున్నప్పుడే రెండు టన్నులకు పైగా తూగును. తడిసినచో ఇంకను ఎక్కువ. కావున దూలముల క్రింద బలమైన గుంజలను పోటుగా నిలిపిన పిదపనే పార పట్టవలెను. మట్టిని ఇరువైపులనుండి సమముగా తీసి ఎప్పటికప్పుడు క్రిందికి దింపవలెను. ఒక మూలన కుప్ప వేయరాదు.

మట్టి దిగిన తరువాత చెక్కల వంతు. దంతెలు ప్రక్కకు ఒరగకుండ పట్టియుంచునవి ఈ చెక్కలే. అన్నిటిని ఒక్కసారిగా ఊడదీసినచో దంతెలకు ఆ పట్టు పోవును. అందుచేత రెండు మూడు వరుసలు తీసి, అచట దంతెలను కలుపుచు తాత్కాలికముగా అడ్డపట్టీలు కొట్టి, పిదప ముందుకు సాగవలెను. గడ్డపారను నేరుగా దంతెపై ఆనించి చెక్కను పెకలింపరాదు. నడుమ ఒక కొయ్యముక్క ఉంచినచో దంతె అంచు చెదరదు. త్రుప్పుపట్టి కదలని మొలను లాగుటకు మారుగా, చెక్కకును దంతెకును మధ్య రంపపు బ్లేడు చొప్పించి కోయుట మేలు. పైన పనిచేయువారు పుచ్చిన చెక్కపై అడుగిడరాదు. దంతెలమీదుగా గట్టి పలకలు పరచుకొని, నడుమునకు తాడు కట్టుకొని పనిచేయవలెను. క్రింద ఎవరును ఉండరాదు. రాలిన మొలలను ఏ పూటకు ఆ పూట ఏరివేయవలెను.

కొన్నేండ్ల క్రిందట ఒక గ్రామమున నేను చూచిన సంగతి చెప్పెదను. చావడి కప్పు విప్పుటకు పని గుత్తకిచ్చిరి. తొందరగా ముగింపవలెనని కూలీలచే మట్టిని ఒక ప్రక్కకు త్రోయించి, చెక్కలను ఒక్క పూటలో ఊడబెరికించిరి. దంతెలు ఒరిగి, పైనున్న యువకుడు క్రిందపడి కాలు విరుగగొట్టుకొనెను. కట్టడము అపాయకరమని మరునాడే కూల్చివేసిరి. దూలములు వంటచెరకు ధరకు పోయినవి. వాటిని కోయునప్పుడు లోపలి కొయ్య బంగారు వన్నెతో మెరసినది; చెదపురుగు జాడయే లేదు. ఆ గ్రామమున పోయినది చావడి మాత్రమే కాదు, ఒక ఇంటి సంపాదన కూడ ఒక ఏడాది ఆగిపోయినది.

విప్పుట సులభము, తిరిగి కూర్చుట కష్టము అనుటకు మనకు దగ్గరలోనే గొప్ప నిదర్శనము కలదు. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన హనుమకొండ వేయి స్తంభముల గుడి కళ్యాణమండపము పునాది దిగిపోయినందున 2006లో దానిని విప్పవలసివచ్చినది. రాళ్ళకు సంఖ్యలు వేసి, పునాదిని బాగుచేసి, తిరిగి నిలిపి, 2024 మార్చి 8న ప్రజలకు తెరచిరి. నడుమ 18 ఏండ్లు గడచినవి. అచట ఆధారమే కదలినది గనుక అంతయు విప్పక తప్పలేదు. మన మిద్దెలో ఆధారము గట్టిగా ఉన్నచో, అంత శ్రమను మనమేల కోరి తెచ్చుకొనవలెను? కాని సంఖ్యలు వేయు పద్ధతిని మాత్రము నేర్చుకొందము. గట్టిగా మిగిలిన ప్రతి చెక్కకు సుద్దతో గుర్తు పెట్టినచో తిరిగి దాని చోటనే అమరును.

క్రొత్త చెక్కలు బాగుగా ఆరినవై ఉండవలెను. పచ్చి కొయ్య ఎండినకొలది వంకరపోవును. చెదల మందు పూయించి, గోడలో దూలపు కొసల చుట్టును గాలికి కొంచెము సందు విడువవలెను. మట్టికి మారుగా పైన కాంక్రీటు పోయుటకు పూనుకొనువారు, ఆ బరువును దూలములు మోయగలవని ఇంజనీరు లెక్కకట్టి చెప్పిన పిదపనే పూనుకొనవలెను. ఈ పనికి సంక్రాంతి దాటిన కాలము అనుకూలము. మిరుగము కార్తె నాటికి చవుడు పని కూడ ముగియవలెను.

సభ్యులారా! వచ్చు సమావేశమున ఇట్టి కట్టడము చర్చకు వచ్చినచో మూడు పనులు చేయుడు. అనుభవముగల వడ్రంగిని, పంచాయతీరాజ్ ఇంజనీరును వెంటబెట్టుకొని కప్పు పరీక్షింపుడు. ఎన్ని దూలములు, ఎన్ని దంతెలు, ఏది గట్టి, ఏది చెడినది అను పట్టికను తీర్మానముతో జతపరచుడు. బాగుచేయుటకును, క్రొత్తది కట్టుటకును అగు వ్యయములను ప్రక్కప్రక్కన వ్రాసి గ్రామసభ ముందుంచుడు. రక్షిత కట్టడమైనచో పురావస్తు శాఖ అనుమతి లేక ఒక్క మొలను కూడ తీయకుడు.

మన పెద్దలు అడవినుండి బండ్లపై తెచ్చి నిలిపిన దూలములవి. చివికిన చెక్కతో పాటు వాటిని పోగొట్టుకొనక, వాటి నీడను మన పిల్లలకు కూడ అందింతురని నమ్ముచు సెలవు తీసికొనుచున్నాను.