పాత పందెపు కార్లు – కొత్త వెలలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, టెక్సస్ రాష్ట్రంలో విక్టోరియా అనే ఊరు ఉన్నది. 1960ల నడిమి కాలంలో ఆ ఊరి ఉన్నత పాఠశాలకు, పందెపు కార్ల జట్టును నడిపే ధనికుడొకడు తన కారు నొకదానిని దానంగా ఇచ్చినాడు. మోటారు మరమ్మతు నేర్చుకొనే పిల్లలు కొన్నాళ్లు దానిమీద చేయి సాధన చేసినారు. 1972లో పాఠశాలవారు దానిని 6,500 డాలర్లకు అమ్మివేసినారు. కొన్నవాడు దానిని ఒహాయో రాష్ట్రానికి తీసుకొనిపోయి, మోసుకొనివచ్చిన బండిమీదనే, ఆరుబయట పొలంలో ఏండ్ల తరబడి వదలివేసినాడు. ఎండ కాసినది, వాన కురిసినది, మంచు పడినది. దారిన పోయేవారికి అది ఒక తుక్కు కారు.

ఆ తుక్కు కారు పేరు ఫెరారి 250 జి.టి.ఓ. అదే రకానికి చెందిన మరొక కారును 2018 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరేలో వేలం వేసినారు. సుత్తి పడేసరికి పాట 4 కోట్ల 40 లక్షల డాలర్లకు చేరినది. కొనుగోలుదారు చెల్లించవలసిన వేలంశాల రుసుము కూడ కలుపుకొంటే మొత్తం 4 కోట్ల 84 లక్షల డాలర్లు.

ఈ రెండు అంకెల నడుమ ఏమి జరిగినది? ఇంజను శక్తి పెరగలేదు. చక్రాలు నాలుగు ఐదు కాలేదు. పెరిగినది మనుష్యుల కోరిక ఒక్కటే. ఇట్టి కారు మన వాకిట నిలిచే యోగం మనలో ఎవరికీ ఉన్నట్లు లేదు. ఐనప్పటికి, ఒక వస్తువునకు వెల ఎట్లు కలుగుతుంది, కలిగిన వెల తిరిగి ఆ వస్తువును ఏమి చేస్తుంది అనే ప్రశ్న మాత్రం ప్రతి ఇంటికీ సంబంధించినదే. అందుచేత ఈ విషయాన్ని ఈనాడు శ్రోతల ముందు ఉంచదలచినాము.

మొదట ఆ కారును గూర్చి రెండు మాటలు. 1962 మొదలు 1964 వరకు ఇటలీలో ఫెరారి సంస్థవారు ఈ రకం కార్లను 36 మాత్రమే నిర్మించినారు. ఆ తరగతి పందెాలలో పాల్గొనవలెనంటే ఒక్కొక్క నమూనాకు నూరు కార్లు తయారుచేయవలెనని నిబంధన. ఇది కొత్త నమూనా కాదు, మా పాత 250 జి.టి. కారునకే మెరుగులు దిద్దినామని వాదించి ఫెరారివారు గట్టెక్కినారు. మూడు లీటర్ల ఇంజను, పండ్రెండు సిలిండర్లు, సుమారు మూడువందల అశ్వశక్తి. పైరేకులను మొడేనా పట్టణంలో స్కాలియెట్టి కార్ఖానా పనివారు సుత్తులతో సాగగొట్టి అమర్చినారు. చేతిపని కావడంచేత ఏ రెండు కార్లూ అచ్చుగుద్దినట్లుండవు. 1962, 63, 64 – వరుసగా మూడు సంవత్సరాలు తమ తరగతిలో అంతర్జాతీయ విజేతలైనవి ఇవే. 2019లో ఇటలీలోని బొలోన్యా న్యాయస్థానం ఈ కారు రూపాన్ని కళాసృష్టిగా గుర్తించి, దానిని అనుకరించరాదని తీర్పు చెప్పినది.

కొత్తలో అమెరికాలో దీని వెల సుమారు 18,000 డాలర్లు. నాటినుండి 2018 వరకు ఆ దేశంలో సాధారణ వస్తువుల ధరలు రమారమి ఎనిమిది రెట్లు పెరిగినవి. ఈ కారు వెల రెండువేల ఆరువందల రెట్లు దాటినది. ఐతే ఈ పెరుగుదల తిన్నగా జరుగలేదు. పందెంలో ఓడిపోవడం మొదలుపెట్టిన కారుకంటె పనికిమాలిన వస్తువు పందెగాని దృష్టిలో మరొకటి లేదు. 1965 తరువాత వీటికంటె వేగవంతమైనవి వచ్చినవి. ఇవి పాతవైనవి, కాని పురాతనాలు కాలేదు. ఆ నడిమి వయస్సులోనే విక్టోరియా పాఠశాల కారునకు పొలం ప్రాప్తించినది.

మరి వెల ఎందుకు పెరిగినది? కొద్దిగా ఉండుట మొదటి కారణం. కాని అది ఒక్కటే చాలదు. లోకంలో ఒకే ఒకటి మిగిలినప్పటికి ఎవరికీ అక్కరలేని వస్తువులు ఎన్నో ఉన్నవి. రెండవ కారణం జ్ఞాపకం. పదునైదేండ్ల వయస్సులో గోడమీద ఏ కారు బొమ్మ అంటించుకొన్నాడో, ఏబదియవ ఏట చేతిలో డబ్బు ఆడినప్పుడు మనిషి ఆ కారునే వెదకుతాడు. అందుచేతనే ఒక్కొక్క తరంతో పాటు ఒక్కొక్క కాలపు కార్లకు దశ తిరుగుతుంది. ఈనాడు నడివయస్సుకు వచ్చినవారు 1980, 90లలో వెలువడిన జపాను స్పోర్ట్సు కార్లకోసం పోటీపడుతూ ఉండగా, రెండవ ప్రపంచయుద్ధానికి పూర్వపు కార్లలో పెక్కింటికి గిరాకి పలుచబడినది. వాటిని కలలు కన్నవారు ఒక్కొక్కరుగా కనుమరుగౌతున్నారు.

మూడవ కారణం ఉత్సవాలు. ఇటలీలో 1927 నుండి 1957 వరకు జరిగిన మిల్లె మిల్యా అనే వేయిమైళ్ల పందెాన్ని 1977లో స్మారకయాత్రగా పునరుద్ధరించినారు. ఆ పాత పందెంలో పాల్గొన్న రకాల కార్లకే దానిలో ప్రవేశం. ఒక కారును కొంటే ఆ యాత్రకు ఆహ్వానం లభించే అవకాశం కూడ కొన్నట్లే. కనుక ఆ అర్హత సైతం వెలలో కలిసిపోతుంది.

నాలుగవ కారణం డబ్బు. ఇది అన్నిటికంటె బలమైనది, అన్నిటికంటె చంచలమైనది. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత అమెరికా, ఐరోపా దేశాలలో వడ్డీరేట్లు ఇంచుమించు సున్నకు దిగినవి. బ్యాంకులో ఉంచిన సొమ్ము నిద్రపోవుట చూచిన ధనవంతులు చిత్రపటాలవైపు, ద్రాక్షసారాయివైపు, పాత కార్లవైపు మళ్లినారు. బ్రిటనులో పన్నుల చట్టం ఇందుకు ఒక వింత తోడ్పాటు చేసినది. ఆ చట్టం దృష్టిలో మోటారు కారు కాలక్రమాన అరిగి నశించే ఆస్తి. కనుక సొంత కారును లాభానికి అమ్మినా మూలధన లాభంమీద పన్ను లేదు. నశిస్తుందని చట్టం నమ్మిన వస్తువే ఏటేట విలువ పెరుగుతూ పోయినది!

ఇక్కడ మనం కొంచెం ఆగి, 1989ని జ్ఞాపకం చేసుకోవలెను. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారి తన తొంబదియవ ఏట కన్నుమూసినాడు. ఇక ఆ చేతిమీదుగా కారు రాదన్న తలపు ఒకవంక, జపానులో పొంగిపొరలుతున్న ధనం ఒకవంక – రెండును కలిసి ఆయన కార్ల వెలలను ఆకాశానికి ఎత్తినవి. జి.టి.ఓ. ఒకటి కోటి డాలర్లు దాటి అమ్ముడుపోయినది. కారు నడపడం రానివారు సైతం కార్లు కొన్నారు. అప్పు తెచ్చి కొన్నారు. చూడకుండ కొని, ఇంటికి తేకుండ అమ్మినారు. పిమ్మట జపాను మార్కెట్టు కూలినది, వడ్డీలు పెరిగినవి. కొద్ది సంవత్సరాలలో అదే రకం కారు ముప్పది లక్షల డాలర్ల పరిసరాలకు దిగిపోయినది. కారును ప్రేమించి కొన్నవానికి కారు మిగిలినది. వెలను ప్రేమించి కొన్నవానికి అప్పు మిగిలినది.

ఇప్పుడు రెండవ ప్రశ్న. పెరిగిన వెల కారును ఏమి చేస్తుంది? ఒక మేలు చేస్తుంది – కాపాడుతుంది. వెల లేకపోయినట్లయితే ఒహాయో పొలంలోని కారు మట్టిలో కలిసేది. వెల ఉన్నది గనుకనే దానిని వెలికి తీసి, రేకు రేకూ సరిచేసినారు. నిర్మించిన 36 కార్లూ అరవై ఏండ్ల తరువాత నేటికీ మిగిలి ఉన్నవంటే ఆ పుణ్యంలో వెలకు భాగం ఉన్నది.

కాని ఒక కీడు కూడ చేస్తుంది – బంధిస్తుంది. నాలుగు కోట్ల డాలర్ల కారును వానలో బయటికి తీయడానికి గుండె చాలదు. చిన్న గీత పడితే ఎంత, మీటరుమీద మైళ్లు పెరిగితే ఎంత అని లెక్క మొదలౌతుంది. పరుగెత్తడానికి పుట్టిన వస్తువు చలువగదిలో గుడ్డ కప్పుకొని కూర్చుంటుంది. ఇంజనుమీది సంఖ్య, చట్రంమీది సంఖ్య ఫాక్టరీ దస్త్రంతో సరిపోలుతున్నవా అనే పరిశీలన జాతకం చూచినంత శ్రద్ధగా జరుగుతుంది. సంఖ్యలకు అంత ధర ఉన్నప్పుడు దొంగసంఖ్యలు పుట్టుట సహజం. ఒకే చట్రపు సంఖ్య కలిగిన కార్లు రెండు బయలుదేరి, ఏది అసలో తేల్చుకొనుటకు యజమానులు న్యాయస్థానాల మెట్లెక్కిన సందర్భాలున్నవి.

అందరూ ఇట్లే ఉన్నారని కాదు. పింక్ ఫ్లాయిడ్ అనే ఆంగ్ల సంగీత బృందంలో మృదంగం వంటి డ్రమ్ములు వాయించే నిక్ మేసన్ 1970లలో ఒక జి.టి.ఓ. కొన్నాడు. వెల నాడు నలువది వేల పౌండ్ల లోపు. అది కోట్ల కెక్కిన తరువాత కూడ ఆయన దానిని పందెపు బాటలమీద నడుపుతూ వచ్చినాడు. వెల పెరుగక ముందే ఆయనకు ఆ కారుతో చెలిమి కలిసినది. బహుశా ధైర్యానికి కారణం అదే.

ఇక వెల అంతగా పెరుగని కారు నొకదానిని చూతము. ఇంగ్లండులో ఆబింగ్డన్ పట్టణంలో 1962 మొదలు 1980 వరకు ఎం.జి.బి. అనే చిన్న స్పోర్ట్సు కార్లను అయిదు లక్షలకు పైగా తయారుచేసినారు. పుట్టిన సంవత్సరం జి.టి.ఓ.దే. ఉపాధ్యాయులు, గుమస్తాలు, కొత్తగా ఉద్యోగంలో చేరిన యువకులు కొనగలిగిన కారు అది. తుప్పు దాని ఆజన్మశత్రువు. 1988 నుండి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థవారు పాత అచ్చులతోనే దానికి కొత్త పైతొడుగులు తయారుచేసి అమ్ముతున్నారు. విడిభాగాలన్నీ సులభంగా దొరుకుతవి. కొరత లేనందున వెల కొండెక్కలేదు. వెల కొండెక్కనందున ఆ కారు నేటికీ ఆదివారం ఉదయం పల్లె రోడ్లమీద కనబడుతుంది. తండ్రి పానా పట్టుకొంటే కొడుకు దీపం పట్టుకొని పక్కన నిలుస్తాడు. ఒక యంత్రం మరొక తరానికి సంక్రమించే మార్గం ఇదే గదా!

మన దేశంలో కూడ పాత వాహనాల విషయమై ఒక ఏర్పాటు జరిగినది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలను సవరించి, ఏబది ఏండ్లు నిండి, మూలరూపం చెడకుండ ఉన్న వాహనాలకు ప్రత్యేకమైన రిజిస్ట్రేషన్ పద్ధతిని ప్రవేశపెట్టినది. వాటి సంఖ్యలో 'వి.ఏ.' అనే అక్షరాలుంటవి. ప్రదర్శనలకు, యాత్రలకు నడుపుకొనవచ్చునే గాని నిత్యవ్యవహారానికి, వ్యాపారానికి కాదు. పాత వస్తువును తుక్కుగానో, సొమ్ముగానో కాక వారసత్వంగా చూచిన ఈ దృష్టి మెచ్చుకొనదగినది.

ముగించే ముందు మా ఇంటి మాట ఒకటి మనవి చేస్తాము. మా ఇంట ఒక పాత వాల్వు రేడియో ఉన్నది. వేడెక్కి పలకడానికి దానికి ఒక నిమిషం పడుతుంది. ఆ మధ్య పాత సామానులు కొనే వర్తకుడొకడు వచ్చి దానిని శ్రద్ధగా పరిశీలించినాడు. గుండీలు అసలువేనా అని అడిగినాడు. వెనుక అట్టమీది చీటీ చినుగలేదు గదా అని అడిగినాడు. మేము ఊహించినదానికి నాలుగు రెట్లు ఇస్తానన్నాడు. కాని అది పలుకుతున్నదా అని మాత్రం అడుగలేదు.

మేము దానిని అమ్మలేదు. అతడు వెళ్లిన పిమ్మట మీట తిప్పి, దీపం వెలిగేదాకా వేచి, ప్రాంతీయ వార్తలు విన్నాము.