బడి మానిన పిల్లకు జరిమానా మందా?



దసరా దాటితే మంచిర్యాల పల్లెల్లో పత్తి ఏరే పని జోరందుకుంటుంది. తల్లి చేనుకు పోతే చంటిపిల్లను చూసుకోవడానికి పెద్దపిల్ల ఇంట్లో ఆగిపోతుంది. బడి హాజరు పట్టీలో ఆమె పేరు పక్కన గైర్హాజరు పడుతుంది. ఆ తల్లిని కోర్టుకు ఈడ్చి జరిమానా వేస్తే పిల్ల బడికొస్తుందా?

మన తెలుగువాళ్లు ఎందరో స్థిరపడిన అమెరికాలోని టెక్సస్‌లో, బడి మానడం ఒకప్పుడు నేరం. 500 డాలర్ల దాకా జరిమానా ఉండేది. 2015 సెప్టెంబరు 1 నుంచి దాన్ని నేరాల జాబితాలోంచి తీసేశారు. కోర్టుకు పంపేముందు, పిల్లవాడు ఎందుకు రావడం లేదో కనుక్కుని సరిదిద్దే బాధ్యత బడిదే. అంటే శిక్ష మారితే ఖర్చు మాయం కాదు. కోర్టు నుంచి బడికి చేరుతుంది.

మన 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది కానీ, శిక్ష చెప్పదు. హాజరును చూసే బాధ్యత స్థానిక సంస్థలకు అప్పగించింది. చదువు ఆగిన పిల్లలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంటుంది. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకునే యజమానికి మాత్రం వేరే చట్టం కింద 20 వేల నుంచి 50 వేల రూపాయల దాకా జరిమానా, లేదా జైలు, లేదా రెండూ ఉంటాయి.

తల్లిదండ్రుల్ని శిక్షించని ఈ దారే సరైనది. అయితే దీనికి డబ్బు కావాలి: అంగన్‌వాడీకి, బస్సుకు, టీచరుకు. గ్రామసభలో ఆ లెక్క అడగండి. మీ వాడలో బడి మానిన పిల్ల ఉంటే, హెడ్‌మాస్టరుకు ఈ వారమే చెప్పండి.